జ్వరాల లెక్క మీకంటే ముందు నా జిరాక్స్ మిషన్‌కి తెలిసింది సార్ (మా ఎమ్మెల్యే గారికి బహిరంగ లేఖ)

ఎమ్మెల్యే సారుకు నమస్కారం.

మీ పేరు రాయట్లే, మా కాలనీ పేరు కూడ రాయట్లే. తెలిసినోళ్ళకు చదువంగనే తెలుస్తది, తెల్వనోళ్ళు వాళ్ళ ఎమ్మెల్యే పేరు పెట్టుకొని చదువుకున్నా నడుస్తది. నేను మీకు ఓటేసినోణ్ణే. మా గల్లీకి సీసీ రోడ్డు వేయించిన్రు, మూలమీద హైమాస్ట్ లైటు పెట్టించిన్రు, కాదనను. ఇగ అసలు ముచ్చటకొస్త.

నాది జిరాక్స్ షాపు సార్, ఇరవై రెండేండ్ల సంది. పక్కకే ఒక కంప్యూటర్ పెట్టుకొని డీటీపీ చేస్త, ఫ్లెక్సీ డిజైన్లు చేస్త, ప్రింట్ మాత్రం వేరేకాడ కొట్టిస్త. ఊర్ల ఏం నడుస్తుందో జిరాక్స్ షాపోనికి అందరికంటే ముందు తెలుస్తది. జూన్‌ల టీసీలు, బోనఫైడ్లు వస్తయి, నోటిఫికేషన్ పడ్డదంటే కులం సర్టిఫికెట్లు వస్తయి, రైతులకు ఏదన్న స్కీం అనంగనే పట్టాదారు పాస్‌బుక్కులు వస్తయి. ఈ యేడు జులై ఆఖరు సంది దవాఖాన కాయితాలు మొదలైనయి. ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు, మందుల బిల్లులు, స్కూలుకు లీవు లెటర్లు. నాకు అలవాటు, కాయితం మిషన్ల పెట్టేటప్పుడు కండ్లు దాని మీదనే ఉంటయి. ప్లేట్లెట్స్ అని ఉన్న కాడ గీత గీసి ఉంటది, 62 వేలు, 41 వేలు, 28 వేలు. డెంగ్యూ ఎన్ఎస్1 పాజిటివ్. మళ్ళ ఇంకోటి. మళ్ళ ఇంకోటి.

ఎవ్వరి పేరూ రాసుకోలే, అది తప్పు. ఉత్తగ ఒక పాత నోట్‌బుక్కుల టిక్కులు పెట్టుకుంట పోయిన. జులై ఆఖరు వారంల నాలుగు టిక్కులు. ఆగస్టు మూడో వారంల ఒక్క రోజే తొమ్మిది. నా షాపుకు వచ్చేది మా చుట్టుపక్కల నాలుగైదు గల్లీలోళ్ళే సార్, అందరూ జిరాక్స్‌కు రారు, జ్వరమొచ్చినోళ్ళంత దవాఖానకూ పోరు. అంటే అసలు లెక్క ఎంతుంటదో మీరే ఆలోచించుర్రి.

ఇంకో ముచ్చట కూడ ఒప్పుకోవాలె, లేకపోతే నేను దొంగనైత. గదే ఆగస్టుల మీ పుట్టినరోజు వచ్చింది. ఆ ఫ్లెక్సీల డిజైన్లల్ల సగం నేనే చేసిన. నాకు మంచి గిరాకీ అయింది, దాచుడెందుకు. రాత్రి పదకొండు దాక కూసొని మీ ఫొటో పక్కన చిన్న చిన్న గుండ్రాలల్ల లీడర్ల మొఖాలు పెట్టిన, ఎవరి మొఖం ఎవరికంటే పెద్దగుండాలె అని మూడు సార్లు మార్పించిన్రు. ఒక్క దిక్కు ప్రింటర్ల మీ బర్త్‌డే, ఇంకో దిక్కు మిషన్ల పిల్లల ప్లేట్లెట్లు. ఒక తండ్రి బిల్లులు జిరాక్స్ తీసుకుంట కంప్యూటర్ల ఉన్న మీ ఫొటో చూసి, "సారు ఊర్లనే ఉన్నడా?" అని అడిగిండు. ఉన్నడు అన్న. ఆయన ఏమనలే, చిల్లర లెక్కపెట్టుకొని పోయిండు.

మేం ఊకోలే సార్. ఆగస్టు రెండో వారంల మా గల్లీలోళ్ళం పదకొండు మందిమి దోమల మందు కొట్టియ్యమని సంతకాలు పెట్టి మీ క్యాంప్ ఆఫీసుల కాయితం ఇచ్చినం. మీరు హైదరాబాద్ పోయిన్రన్నరు, పీఏ సార్ తీసుకున్నడు. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల ఇచ్చినం, ముద్ర కొట్టి రశీదు ఇచ్చిన్రు, రశీదు నా కాడ ఉన్నది, జిరాక్స్ కూడ ఉన్నది (అది మాత్రం నాకు ఫ్రీ). మున్సిపాలిటీ వాళ్ళకు ఫోన్ చేస్తే సిబ్బంది తక్కువున్నరు, మీ వంతు వస్తది అన్నరు. మళ్ళోసారి క్యాంప్ ఆఫీసుకు పోతే మీరు క్రికెట్ టోర్నమెంట్ కప్పు ఇచ్చుటానికి పోయిన్రు. ఇంకోసారి పోతే జిమ్ము ఓపెనింగ్. వినాయక చవితి వచ్చినంక ఇగ దొరుకుడే లేదు, రోజుకు ఎన్ని మండపాలు తిరిగిన్రో మీ పేజీలనే ఉన్నది, లడ్డూ వేలంల కూసున్న వీడియో నేను కూడ చూసిన. మేం కాయితం ఇచ్చిన దినం నుంచి లెక్కపెడితే సరిగ్గ ముప్పై నాలుగో రోజు పొగ మిషన్ వచ్చింది. అది కూడ మెయిన్ రోడ్డు మీదికెల్లి పోయింది, గల్లీలకు తిరగలే, ఎందుకంటే తెల్లారి మీరు అటు దిక్కు ఏదో ఫంక్షన్‌కు వస్తున్నరట.

ముప్పై నాలుగు రోజులు. మీకు అది పెద్ద టైం అనిపియ్యకపోవచ్చు, మీ డైరీ వేరే ఉంటది. గని దోమకు కూడ ఒక డైరీ ఉన్నది సార్. డెంగ్యూ దోమ గుడ్డు పెట్టినంక అది పురుగై, రెక్కలొచ్చి లేచేందుకు వారం నుంచి పది రోజులు చాలు. అంటే పొగ మిషన్ వచ్చేలోపు రెండు మూడు తరాలు పుట్టినయి, తాత, కొడుకు, మనుమడు అన్నట్టు. పైగా అది మోరీ నీళ్ళల్ల కంటే మంచి నీళ్ళల్లనే ఎక్కువ గుడ్లు పెడ్తది, పట్టపగలే కుడ్తది. మా కాడ నల్లా దినం తప్పి దినం వస్తది, గందుకే ప్రతి ఇంట్ల డ్రమ్ములు, సిమెంట్ తొట్లు, గోళాలు నింపి పెట్టుకుంటం. నీళ్ళు రోజూ వస్తే ఎవడు నింపి పెట్టుకుంటడు? తొట్టి ఎండిపోయినా దాని గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటయి, మళ్ళ నీళ్ళు తాకంగనే లేస్తయి. ఆ దోమ పుట్టిన కాడికెల్లి ఎక్కువ దూరం కూడ పోదు, నాలుగు వందల మీటర్ల లోపలనే తిరుగుతది. అంటే మా గల్లీ జ్వరం మా గల్లీ తొట్లల్లకెల్లే వచ్చింది. మెయిన్ రోడ్డు మీద పొగ కొడితే దానికేం కాదు, అది మంచం కింద, బట్టల సందుల, పరదా ఎనుక కూసుంటది. పొగ లేచిన దోమను చంపుతది, నీళ్ళల్ల ఉన్న పురుగును ముట్టను కూడ ముట్టదు. ఇదంత నేను సొంతంగ కనిపెట్టింది కాదు, ఆశ వర్కర్లకు ట్రైనింగుల చెప్పేది ఇదే, మా గల్లీ ఆశమ్మ నాకు చెప్పింది. ఆమెకు తెలిసింది మీకు తెల్వదని నేననుకోను.

ఇగ దీంతోని మామూలు జనానికి ఏమైందో పాయింట్ల వారీగ రాస్తున్న, మీ పీఏ సార్ చదివి వినిపియ్యడానికి ఈజీగ ఉంటది.

1. మా మేనకోడలు మా ఇంట్లనే ఉండి డిగ్రీ చదువుతది, పందొమ్మిదేండ్లు. మూడు రోజులు మస్తు జ్వరం, కండ్ల ఎనుక నొప్పి, ఒళ్ళు నొప్పులు. నాలుగో రోజు జ్వరం దిగింది. మేం ఖుషీ అయినం, చికెన్ తెచ్చినం. అసలు మోసం అక్కడనే ఉన్నదని మాకేం తెలుసు? డెంగ్యూల జ్వరం దిగినంకనే ఒకటి రెండు రోజులు ప్రమాదం, రక్తనాళాలల్లకెల్లి నీరు బయటికి ఊరుతది, బీపీ పడిపోతది. అయిదో రోజు పొద్దుగాల పొట్ట నొప్పి, ఆగకుంట వాంతులు, కాళ్ళు చేతులు సల్లబడ్డయి. ఒక ప్రైవేటు దవాఖానకు తోల్కపోతే ప్లేట్లెట్లు 18 వేలు, అడ్మిట్ చెయ్యకముందే ముప్పై వేలు కట్టుర్రి అన్నరు. మా అక్క మెడల గొలుసు కుదవ పెట్టింది. పిల్ల బతికింది, దేవుని దయ, నాలుగు రోజులకు బిల్లు 86 వేలు. ఒక్కటి అడుగుత సార్. పొట్ట నొప్పి, వాంతులు, ముక్కుల చిగుళ్ళల్ల రక్తం, మత్తుగ పడి ఉండుడు, మూత్రం తగ్గుడు, వీటిల్ల ఏది కనిపించినా ఆగకుంట దవాఖానకు ఉరుకాలె అని ఒక్క ఫ్లెక్సీ, ఒక్కటంటే ఒక్కటి, ఊర్ల ఎక్కడన్న పెట్టించిన్రా? డిజైన్ నేను ఫ్రీగ చేసి ఇస్తుంటి.

2. ఎనుక గల్లీల ఒక తాపీ మేస్త్రీ భార్య. కైకిలికి పోతేనే ఇల్లు గడిచేది, గందుకే దవాఖానల లైన్ల నిలబడే టైం లేక పక్కన సూదులేసే ఆయన కాడికి పోయింది. నొప్పులకు ఇంజక్షన్ ఏసిండు. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇయ్యొద్దు, రక్తం కారే ప్రమాదం ఉంటది, పారాసిటమాలే ఇయ్యాలె. ఇది ఆమెకెవరు చెప్తరు? ఆరో రోజు పోయింది. ఇద్దరు పిల్లలు. ర్యాపిడ్ కార్డు టెస్టుల పాజిటివ్ వచ్చింది గని సర్కారు లెక్కల ఎలైసా అనే ల్యాబ్ టెస్టు అయితేనే డెంగ్యూ అని రాస్తరు, ఆమెకు ఎలైసా చేసే టైమే దొరకలే. కాయితం మీద ఇంకేదో రాసిన్రు. ఆమె చావు ఏ డెంగ్యూ లెక్కల లేదు సార్. ఆ కాయితం పది కాపీలు నేనే తీసిచ్చిన, పైసలు తీసుకోలే. పదకొండో రోజుకు మీరు పరామర్శకు వచ్చిన్రు, మేస్త్రీ చేతుల పది వేలు పెట్టిన్రు, మంచిదే. ఫొటోల మీ ఎనుక ఇంటి ముందర డ్రమ్ము ఉన్నది, మూత లేకుంట. కావాలంటే మీ పేజీల చూసుకోండ్రి.

3. సీఎం రిలీఫ్ ఫండ్ ముచ్చట. ఇప్పుడు నా షాపుల ఎక్కువ నడుస్తున్నది ఇదే. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, మీ లెటర్. లక్ష అప్పు జేసినోనికి నెలల తర్వాత ఎంతో కొంత చెక్కు వస్తది, అది మీ చేతుల మీదుగ ఇస్తరు, మళ్ళ ఫొటో. నేను చెక్కులు వద్దంటలేను, అవి లేకపోతే ఇంకా ఘోరం. గని సార్, అప్పుకు మిత్తి నూటికి మూడు రూపాయలు నడుస్తుంది బయట. ఆగస్టుల తొట్లల్ల మందు ఏయించి ఉంటే ఈ చెక్కులల్ల ఎన్ని రాసే పని తప్పేది? ఇది మీరు కూసొని ఒక్కసారి లెక్క చేయాలె.

4. ప్లేట్లెట్ల భయం ఒక వ్యాపారం అయింది. రక్తం కారకపోతే పది వేల కంటే కిందికి పోయేదాక ఎక్కించే అవసరం సాధారణంగ ఉండదని మన దేశం గైడ్‌లైన్స్‌లనే ఉన్నది. ఒక్కో కాడ యాభై వేలకే ఎక్కించాలె, డోనర్‌ను తీసుకరా అంటున్నరు. అర్ధరాత్రి మా పోరగాండ్లు వాట్సాప్ గ్రూపులల్ల బ్లడ్ గ్రూపు పెట్టుకుంట ఉరుకుతున్నరు. ఇది చూసేటోడు ఎవడు? మీరొక్క రివ్యూ పెట్టి అడిగితే భయమన్న ఉంటది.

5. స్కూల్ పిల్లల హాజరు. దీని మీద ఎక్కువ రాయను, మా సర్కారు బడి హెడ్ మాస్టర్‌ను మీరే అడుగుర్రి.

6. లెక్క రెండు ముక్కలైంది. ఇది నాకు అన్నిటికంటే మండే సంగతి. మన వరంగల్ సిటీ ఒక్కటే, కార్పొరేషన్ ఒక్కటే, 66 డివిజన్లు. గని జిల్లాలు రెండు. 2021 ఆగస్టుల వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఇద్దరు కలెక్టర్లు, ఇద్దరు డీఎంహెచ్‌ఓలు (జిల్లా హెల్త్ ఆఫీసర్లు). గల్లీకి ఇటు దిక్కోడు ఒక లెక్కల, అటు దిక్కోడు ఇంకో లెక్కల పడ్తడు. మందు కొట్టేది కార్పొరేషన్, జ్వరం రాసేది హెల్త్ డిపార్ట్‌మెంట్, తాగే నీళ్ళిచ్చే సెక్షన్ ఇంకోటి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ కెల్లి జనం మొత్తం మన వరంగల్ సర్కారు పెద్ద దవాఖాన ఎంజీఎంకే వస్తరు, వాళ్ళంత వరంగల్ల జ్వరమొచ్చినోళ్ళా కాదా అని ఎట్ల తెలుస్తది? ఈ ముక్కలన్ని ఒక్క టేబుల్ మీద పెట్టగలిగేటోడు మీలాంటి లీడరే. ఆఫీసర్లు ఒకల మాట ఒకలు వినరు, మీరు పిలిస్తే వస్తరు. మిమ్ములను ఎన్నుకున్నది గిందుకే కదా.

మీ ఒక్కళ్ళనే అంటున్ననని బాధపడకండ్రి. ఇది మన కాడ పాత రోగం, పార్టీతోని పని లేదు. 2019 అక్టోబర్ యాద్ చేసుకోండ్రి. మంచిర్యాలల ఒక్క ఇంట్ల నలుగురు, పదిహేను రోజుల్ల, డెంగ్యూతోని పోయిన్రు. తండ్రి, తాత, చిన్న పిల్ల, ఆఖరుకు కాన్పయిన తల్లి. గదే నెల మొత్తం మనం ఏం చూసినం టీవీల? హుజూర్‌నగర్ ఉప ఎన్నిక, ఆర్టీసీ సమ్మె. సమ్మె పెద్ద ముచ్చటే, కాదంటలే, గని డెంగ్యూ గురించి గట్టిగ అడగడానికి హైకోర్టు రావాల్సొచ్చింది, చీఫ్ సెక్రటరీనే పిలిపించి అడిగిన్రు. లీడర్లు అడగాల్సిన ప్రశ్న జడ్జీలు అడిగిన్రన్నట్టు.

ఇంక 2021. ఇది మన వరంగలోళ్ళు మరిచిపోవద్దు. కరోనా రెండో అల మస్తు మీదున్నది, ఏప్రిల్ 20 సంది రాత్రి కర్ఫ్యూ పెట్టిన్రు, హైకోర్టు ఎలక్షన్ కమిషన్‌ను గట్టిగనే అడిగింది, అయినా ఏప్రిల్ 30 నాడు మన కార్పొరేషన్ పోలింగ్ పెట్టిన్రు. మే 3 నాడు లెక్కింపు, మే 12 సంది లాక్‌డౌన్. ఓట్లప్పుడు గల్లీ గల్లీ తిరిగి, చేతులు పట్టుకొని, గుంపులు గుంపులుగ వచ్చిన లీడర్లే పది దినాలైనంక ఇంట్ల ఉండుర్రి, బయటికి రావద్దు అన్నరు. అప్పుడు నా షాపుల ఓటర్ స్లిప్పులు కొట్టినం, తర్వాత చావు సర్టిఫికెట్లు కొట్టినం. మే 21 నాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎంజీఎంకు వచ్చి కరోనా వార్డుల తిరిగిండు, ధైర్యం చెప్పిండు, అది మెచ్చుకోవాలె. గని ఓట్లైన మూడు వారాలకు. జూన్ 21 నాడు సెంట్రల్ జైలు జాగల 24 అంతస్తుల దవాఖానకు శంకుస్థాపన అయింది. శిలాఫలకం ఏసే టైం అన్ని పార్టీలోళ్ళకు దొరుకుతది సార్, తొట్టి మీద మూత ఉన్నదా లేదా చూసే టైమే దొరకదు.

2023 జులై వరదలు కూడ మీకు గుర్తుండే ఉంటయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మొత్తం మునిగింది, మన హంటర్ రోడ్డు చెరువైంది. అప్పుడు లీడర్లంత ప్యాంట్లు మడిచి నీళ్ళల్ల దిగిన్రు, ట్రాక్టర్లెక్కి తిరిగిన్రు. నీళ్ళు కనిపిస్తయి గనుక వచ్చిన్రు. నీళ్ళు పోయిన రెండు వారాలకు వచ్చే జ్వరం కనిపియ్యదు, కెమెరాకు పడదు, ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్కరు మంచం మీద పండుకొని ఉంటరు. అట్లనే మరుగున పడ్తది.

చెయ్యాలనుకుంటే అయితది అన్నదానికి కూడ ఉదాహరణ ఉన్నది. 2020 మేల అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని ఒక కార్యక్రమం పెట్టిండు, ఎవరింట్ల వాళ్ళు నిల్వ నీళ్ళు పారబోసుడు. లీడర్లు కూడ ఇంట్ల కూలర్లు, కుండీలు వంచుకుంట ఫొటోలు పెట్టిన్రు. ఫొటోలే అనుకున్నా సరే, ఆ ఫొటో చూసి మా ఇంటిది కూడ పది నిమిషాలు తొట్లు కడిగింది. ఎవరి పార్టీదైతేంది, పనికొచ్చేది పనికొచ్చేదే. మీకు ఫొటో కావాలంటే ఆ ఫొటో దిగుర్రి, నేనే ఎడిటింగ్ చేసి పెడ్త.

ఇగ మా డిమాండ్లు. మస్తు చిన్నయి, ఏదీ కోట్ల రూపాయలది కాదు.

ఒకటి, ఈ సీజన్ అయిపోయేదాక వారానికి ఒక గంట, ఒక్కటంటే ఒక్క గంట, జ్వరాల మీద రివ్యూ. రెండు జిల్లాల హెల్త్ ఆఫీసర్లు, కార్పొరేషన్ మలేరియా సెక్షన్, నీళ్ళ సెక్షన్, నలుగురూ ఒక్క కాడ కూసోవాలె. డివిజన్ వారీగ ఎన్ని జ్వరాలు, ఎన్ని ఎలైసాలు అన్నది ప్రతి వారం బయటపెట్టాలె. లెక్క ఎక్కువుంటే చెడ్డపేరు వస్తదని దాచొద్దు. దాస్తే నా నోట్‌బుక్కు ఉన్నది.

రెండు, ప్రైవేటు ల్యాబుల్ల పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషి అడ్రసు అదే దినం హెల్త్ వాళ్ళకు చేరాలె, తెల్లారి ఆ ఇంటి చుట్టూ గల్లీల తొట్లు చూడాలె, నీళ్ళల్ల పురుగును చంపే టెమిఫాస్ మందు ఏయాలె. ముప్పై నాలుగో రోజు కాదు.

మూడు, శుక్రవారం డ్రై డే, అంటే తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి ఎండబెట్టే దినం అని కాయితం మీద ఎప్పటి సందో ఉన్నది. దాన్ని నిజంగ చెయ్యాలె. దానికి ముందు మాకు నల్లా రోజూ ఇయ్యాలె, రోజు తప్పి రోజు ఇచ్చి డ్రమ్ములు నింపుకోవద్దంటే ఎట్ల నడుస్తది. రోజూ ఇయ్యలేకపోతే ప్రతి ఇంటికి డ్రమ్ముకు కట్టే నెట్టు గుడ్డన్న ఇయ్యుర్రి.

నాలుగు, మా బస్తీ దవాఖాన నాలుగింటికి బంద్ అయితది. కైకిలోళ్ళు, హమాలీలు, షాపుల్ల పనిచేసేటోళ్ళు ఆరు దాటినంకనే ఇంటికొస్తరు. ఈ రెండు మూడు నెలలన్న రాత్రి తొమ్మిది దాక ఒక డాక్టర్, రక్తపరీక్ష పెట్టాలె. ఆ మేస్త్రీ భార్యకు రాత్రి ఏడింటికి తెరిచి ఉన్న దవాఖాన ఉంటే సూదులాయన కాడికి పోకపోవు.

అయిదు, మందు కొట్టే కార్మికులకు, ఆశ వర్కర్లకు జీతాలు, పైసలు టైంకు ఇప్పియ్యాలె. మాకు ఇన్ని చెప్పిన ఆశమ్మ తిరిగి తిరిగి ఆమె కూడ జ్వరంతోని పడింది.

ఆరు, మీ ఫ్లెక్సీలు. దీనికి కొంచెం వివరం రాయాలె.

ఇప్పుడు ఫ్లెక్సీ చదరపు అడుగుకు పది పన్నెండు రూపాయలు పడ్తుంది. ఇరవై అడుగుల బై పది ఫ్లెక్సీ అంటే 2,400 దాక. రక్తపరీక్ష సీబీపీకి బయట ల్యాబుల మూడు వందలు తీసుకుంటున్నరు. ఒక్క ఫ్లెక్సీ ఎనిమిది మంది రక్తపరీక్ష. చౌరస్తాల మీ పుట్టినరోజుకు ఎన్ని ఫ్లెక్సీలు కట్టిన్రో మీకే తెలుసు, నాకూ తెలుసు, బిల్లులు నా కాడ ఉన్నయి. నా గిరాకీ పోయినా సరే, వచ్చే యేడు మీ అభిమానులను ఆ పైసలతోని జ్వరం క్యాంపు పెట్టుమనుర్రి. నా తరఫున ఒక్క రోజు కాయితాలన్ని ఫ్రీగ జిరాక్స్ కొట్టిస్త.

అసలు ముచ్చట ఇంకోటున్నది. మా గల్లీ చివర ఒక ఇల్లు కడుతున్నరు, సగంల ఆగింది. మీ బర్త్‌డే అయిపోయినంక ఎవరో ఒక పెద్ద ఫ్లెక్సీ విప్పుకొచ్చి ఆడ సిమెంట్ బస్తాల మీద కప్పిన్రు, నడుమల సాగి గుంతైంది, వాన పడి నీళ్ళు నిలిచినయి. మొన్న ఆశమ్మ, నేను టార్చ్ పట్టుకొని పోయి చూసినం. సరిగ్గ మీ మొఖం ఉన్న కాడనే నీళ్ళు, ఆ నీళ్ళల్ల సన్నటి పురుగులు కిందికీ మీదికీ కొట్టుకుంటున్నయి. ఆ డిజైన్ నాదే. వీడియో తీసిన గని పెట్టలే, మిమ్ములను నవ్వులపాలు చేసుడు నాకు ఇష్టం లేదు, నా చెయ్యి కూడ అందుల ఉన్నది కదా.

డెంగ్యూల నాలుగు రకాలుంటయట సార్, ఒకసారి వచ్చిపోయినోళ్ళకు ఇంకో రకం వస్తే మరింత ముదిరే ప్రమాదం ఉన్నదట. మా గల్లీల ఈ యేడు చాన మందికి ఒకసారి వచ్చిపోయింది. మా మేనకోడలికి కూడ. గందుకే వచ్చే వానాకాలం అంటే మా అక్కకు ఇప్పటి సందే గుండెల్ల దడ, పిల్లను ఊరికి పంపుదామా అంటుంది, ఊర్ల మాత్రం దోమలు లేవా?

వచ్చే సోమవారం పొద్దున పదకొండింటికి మేం క్యాంప్ ఆఫీసుకు వస్తున్నం. మేస్త్రీ వస్తడు, ఆశమ్మ కోలుకుంటే ఆమె వస్తది, మా అక్క వస్తది, ఇంక ఎవరొస్తే వాళ్ళు. జెండాలు ఉండయి, నినాదాలు ఉండయి. నోట్‌బుక్కు తెస్త. ఈసారి పీఏ సార్ చేతికి ఇయ్యను, మీ చేతికే ఇస్త. మీరు హైదరాబాద్ పోయేది ఉంటే ముందుగల చెప్పుర్రి, మంగళవారం వస్తం.

ఇట్లు,
మీ నియోజకవర్గంల జిరాక్స్ షాపు ఆయన

మరిచిన, ఆ ఫ్లెక్సీ నీళ్ళు మట్టిల పారబోసి, తుడిచి, మడిచి షాపుల పెట్టిన. సిమెంట్ బస్తాలకు ఉత్త కవరు కొనిచ్చిన. మీ మనుషులను పంపితే ఫ్లెక్సీ ఇచ్చేస్త.